ఒకే నల్లబల్ల మీది నాలుగు ఉత్తరాలు

మడతపెట్టి, లక్క ముద్ర వేసి, పెట్టెలో దాచి, ఆ పెట్టె తాళంచెవి పారేసినా లోపలి కాగితంలో ఏముందో చదవగల దేవునికి ముందుగా స్తోత్రం. రాసిన చేతిని ఎరిగినవాడు, రాయించిన నోటిని కూడా ఎరిగినవాడు ఆయన. నేను తప్పు చేశాను. చేసిన తప్పును చూపించి, దిద్దుకోవడానికి కాస్త వ్యవధి కూడా ఇచ్చాడు. మహిమ ఆయనదే. ఇక జరిగింది చెబుతాను.

కరోనా వచ్చిన ఏడాది మేము జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉన్నాం. మా ఆయన కార్ల ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో ఇంజనీరు. వసంతంలో ఫ్యాక్టరీ ఆగిపోయి, పని గంటలు కోసేశారు. ఆయన వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని సగం రోజు పనిచేసేవాడు, మిగతా సగం రోజు నా పోపు ఎందుకు మాడిందో చెప్పేవాడు. ఐదేళ్ల మా పాప వెళ్లే కిటా, అంటే చిన్నపిల్లల బడి, ఒక వారం తెరిచేవారు, రెండు వారాలు మూసేవారు. ఎదుటి ఫ్లాట్ ముసలాయన తలుపు కన్నంలోంచి మా ఇంటికి ఎవరొస్తున్నారో చూస్తున్నాడని నా అనుమానం. ఆ కన్నంలో నీడ కదలడం నేను చాలాసార్లు చూశాను. అంటే నేను కూడా మా తలుపు కన్నం దగ్గరే నిలబడి ఉన్నానన్నమాట.

ఆ రోజుల్లో అందరం అలాగే ఉన్నాం. బస్ స్టాపులో ఎవరైనా దగ్గితే పది తలలు తిరిగేవి. కాని నా అనుమానం కరోనాతో మొదలైంది కాదు. చిన్నప్పటి నుంచీ ఉంది. దేవుని మీద నాకు ఏనాడూ సందేహం కలగలేదు. ఆయన పేరు చెప్పి పని చేయించేవాళ్ల మీద మాత్రం కలుగుతూనే ఉండేది.

గుంటూరులో నేను లైబ్రరీ సైన్స్ చదివాను. జర్మనీలో అయిదేళ్లుగా ఆ చదువు అల్మారాలో ఉంది. ఆకురాలు కాలంలో ఒక ప్రకటన చూశాను. రైల్లో గంట దూరంలో ఉన్న చిన్న ఊళ్లో ఒక పాత మిషన్ వారి ఆర్కైవ్ ఉంది. అక్కడ రెండు వందల ఏళ్ల నాటి ఇంగ్లిష్ చేతిరాత చదివి, కంప్యూటర్‌లోకి ఎక్కించే మనిషి కావాలట. అక్కడివాళ్లకు పాత జర్మన్ రాత కొట్టినపిండి. ఇంగ్లిష్ కలిపిరాత మాత్రం అంతుబట్టలేదు. నేను హాస్టల్లో నాలుగు గీతల పుస్తకంలో, సిరా పెన్నుతో, వేళ్ల మీద స్కేలు దెబ్బలు తింటూ నేర్చుకున్న రాత అది.

దరఖాస్తు పెట్టిన మూడో రోజే పిలిచారు. అంత త్వరగా పిలిచేసరికి నాకు నచ్చలేదు.

"ఎందుకు పిలిచినట్టు?" అన్నాను మా ఆయనతో.

"చదవడం వచ్చని పిలిచుంటారు. డాన్సొచ్చని పిలుస్తారా?"

"అది కాదండీ. అక్కడున్నవి అమెరికాలో ఇండియన్లు అంటారే, వాళ్ల ఉత్తరాలంట."

"ఇంకేం, ఇండియన్ల ఉత్తరాలకి ఇండియన్ని పిలిచారు. ఆళ్ల లెక్క సరిపోయింది."

"ఫొటోలో నేను కూర్చుంటే బాగుంటదని పిలిచారేమో."

"మాస్కేసుకున్నాక నువ్వెవరో నాకే తెలవట్లేదు. ముందు ఏ రోజు రమ్మంటారో అడిగి టెర్మిన్ తీసుకో."

తీసుకున్నాను. వెళ్లాను. ఆర్కైవ్ చూసే పెద్దావిడకు అరవై దాటి ఉంటాయి. పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు, మెడలో దారానికి కట్టిన కళ్లజోడు. కిటికీలన్నీ బార్లా తెరిచి, చలిలో కోటు వేసుకుని నాతో మాట్లాడింది. ఒక కాగితం ఇచ్చి చదవమంది. ఆగకుండా చదివాను. "సోమవారం నుంచి రండి" అంది.

అక్కడి పద్ధతులు చాలా. సంచి లాకర్‌లో పెట్టాలి. పెన్ను లోపలికి తేకూడదు, పెన్సిలే. గదిలో ఒక్కరే ఉండాలి. ఇరవై నిమిషాలకోసారి కిటికీ తెరవాలి. ఒకరు ముట్టుకున్న ఫైలు మూడు రోజులు వేరే అరలో పెట్టాలి, ఆ తరవాతే ఇంకొకరు ముట్టుకోవాలి. మనుషులకే కాదు, కాగితాలకూ క్వారంటైన్. మూడు రోజులయ్యాక ఆవిడ ఆ ఫైలు తీసి కాగితాలు లెక్కపెట్టేది. నేను వెళ్లిపోతూ వెనక్కి తిరిగి, అద్దం తలుపులోంచి అది చూశాను. ఇంటికెళ్లి ఏడ్చాను. అన్నీ చక్కగా పెట్టి వస్తే దొంగలా చూస్తుందని చెప్పుకున్నాను.

"ఆవిడ ముందే లెక్కపెట్టి నీకిచ్చి ఉంటది, మళ్లీ లెక్కపెట్టి లోపల పెట్టుకుంటది. అది ఆవిడ ఉద్యోగం," అన్నాడు మా ఆయన.

"అందరివీ లెక్కపెడుతుందా, నావేనా?"

"నువ్వొక్కదానివే పోతున్నావు గదా అక్కడికి!"

ఆ ఉత్తరాల సంగతి చెప్పాలి. చెరోకీలు, చోక్టావులు అనేవాళ్లు అమెరికాలో దక్షిణాన ఉండే రెండు జాతులు. వాళ్ల మధ్య మిషన్ వాళ్లు బడులు పెట్టారు. ఆ బడుల నుంచి, ఆ సంఘాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్ని సముద్రం దాటి జర్మనీలోని స్నేహితులకు చేరాయి. వీళ్లు చదువుకుని, కంటతడి పెట్టుకుని, కట్ట కట్టి దాచారు. తరవాత కొన్నేళ్లకే ఆ రెండు జాతులనూ వాళ్ల నేల మీద నుంచి తరిమి, దూరాన పడమటికి నడిపించారు. దారిలో చనిపోయినవాళ్లు ఎందరో. ఇళ్లు పోయాయి, సమాధులు వెనకే ఉండిపోయాయి. కాగితాలు మాత్రం జర్మనీలో ఒక అట్టపెట్టెలో, తేమ తగలకుండా, భద్రంగా ఉన్నాయి. ఇది ఎట్లాంటి న్యాయమో నాకు తెలియదు.

చెరోకీలకు సొంత లిపి ఉంది. వాళ్లలోనే ఒకాయన తయారు చేశాడట. ఆ లిపిలో ఒక పెద్దమనిషి రాసిన ఉత్తరం మా పెట్టెలో ఉంది. నిండుగా నాలుగు పేజీలు. దాని మీద మిషనరీ ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యం రాసిపెట్టాడు: మన దయకు కృతజ్ఞతలు చెబుతున్నాడని.

నాలుగు పేజీల కృతజ్ఞతా? నాకు అక్కడే అనుమానం వచ్చింది. మా ఊళ్లో దొరగారికి మా తాత ఏదైనా చెబితే దుబాసీ ఎలా చెప్పేవాడో మా నాయనమ్మ చెప్పేది. తాత పావుగంట మాట్లాడితే దుబాసీ "వందనాలు చెబుతున్నాడు దొరగారూ" అనేవాడట. ఆర్కైవ్ పెద్దావిడతో అన్నాను, ఇది చదవగలవాళ్లకు పంపుదామని. పంపాం. నెల తరవాత ఆ జాతి మనిషే ఒకాయన చదివి జవాబు రాశాడు. మొదటి రెండు వరుసలూ కృతజ్ఞతలేనట. మిగతాదంతా మిషన్ వారి ఆవులు కంచె దాటి తన మొక్కజొన్న తినేస్తున్నాయని ఫిర్యాదు.

పెద్దావిడ పగలబడి నవ్వింది. "మీ అనుమానం బంగారం," అంది. ఆ మాట నా తలకెక్కింది. దేవుడు నన్ను అక్కడ కూర్చోబెట్టింది అబద్ధాలు పట్టుకోవడానికేనని అనుకున్నాను. ఆ వారం ప్రార్థనలో, దేవుడు నా చేత చేయించిన పని ఇదని ఆవుల సాక్ష్యం కూడా చెప్పాను. మా ఆడవాళ్ల ప్రార్థన ఆన్‌లైన్‌లో జరిగేది. డార్మ్‌స్టాట్‌లో ఉండే ఒక పెద్దక్క నడిపించేది. వరంగల్ మనిషి. నేను చెప్పిందంతా విని, "మంచిదే చెల్లె, గని ఆవులను పట్టుకున్నవని మందల ఉన్న గొర్రెను గూడ పట్టుకోకు," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ మాట నన్నేదో పొడిచిందనిపించింది.

చలికాలంలో అమెరికాలో ఆ జాతులను నడిపించి దింపిన ఓక్లహోమా నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. రాసినావిడ చోక్టావు జాతికి చెందిన టీచరు. తన అమ్మమ్మ కోసం రాస్తున్నానంది. అమ్మమ్మకు తొంభై దాటాయి. వాళ్లలో వంశం తల్లి వైపు నుంచే లెక్క. ఆ ముసలమ్మ అమ్మమ్మకు అమ్మమ్మ అయిన మనిషికి ఒక అక్క ఉండేదట. చిన్నప్పుడే మిషన్ బడికి పంపారు. ఆ తరవాత ఇంట్లో ఆమె మాట లేదు, సమాధి లేదు, వెంట్రుక కూడా లేదు. బడివాళ్లు పెట్టిన ఇంగ్లిష్ పేరు ఒక్కటే తరతరాలుగా నోటి మాటగా మిగిలింది. మేము ఇంటర్నెట్‌లో పెట్టిన జాబితాలో ఆ పేరు కనిపించింది. "ఆమె చేత్తో రాసిన కాగితం ఏదైనా ఉందా?" అని అడిగింది. ఆ పేరు నేను ఇక్కడ రాయను. అది వాళ్ల ఇంటి ఆస్తి.

వెతికాను. ఉంది. ఒక పేజీ ఉత్తరం. గుండ్రటి అక్షరాలు, నాలుగు గీతల్లో రాసినట్టే. ఫొటో తీసి ఆ రోజే పంపాం. మర్నాడే జవాబు. అమ్మమ్మ దాన్ని ప్రింటు తీయించి మంచం పక్కన గోడకు అంటించుకుందట. అమ్మమ్మది ఒకటే ప్రశ్న: ఈ మాటలు ఆ పిల్లవేనా? ఆమె నిజంగా అన్నవేనా?

"వివరం మీరు రాయండి. వాళ్లకు పంపుదాం," అంది పెద్దావిడ.

ఆ ఉత్తరంలో ఉన్నది ఇంతే. గొప్ప నీళ్ల అవతల ఉన్న దయగల స్నేహితులారా, మేము చీకటిలో ఉండేవాళ్లం, మీ దయవల్ల వెలుగులోకి వచ్చాం, బాగా చదువుకుంటున్నాం, కుట్టుపని నేర్చుకుంటున్నాం, టీచరమ్మ మమ్మల్ని ప్రేమగా చూస్తుంది, మీ కోసం ప్రార్థిస్తున్నాం. అదే ఫైల్లో అదే రోజున అదే బడి పిల్లలు రాసిన ఉత్తరాలు ఇంకో మూడు ఉన్నాయి. చీకటి, వెలుగు, కుట్టుపని, టీచరమ్మ. మాటకు మాట అవే. ఒక పిల్ల కుట్టుపని అన్న మాటలో ఒక అక్షరం మింగేసింది, అంతే తేడా.

ఇక నాకు వేరే రుజువు అక్కర్లేకపోయింది. నేనే అలాంటి ఉత్తరాలు ఎన్నో రాశాను.

ఏడో ఏట మా అమ్మ నన్ను మిషన్ హాస్టల్లో చేర్చింది. హాస్టల్ పిల్లలు ఒక్కొక్కరికీ జర్మనీలో ఒక దాత ఉండేవాళ్లు. ఏడాదికి రెండుసార్లు వాళ్లకు ఉత్తరం రాయాలి. వార్డెనమ్మ నల్లబల్ల మీద ఉత్తరమంతా రాసేది. ఖాళీ ఉన్నచోట మా పేరు పెట్టుకోవాలి. "నేను క్షేమం, మీరు పంపిన బహుమతికి కృతజ్ఞతలు, నేను పెద్దయ్యాక సేవ చేస్తాను." నలభై మంది పిల్లలం, నలభై ఉత్తరాలు, ఒకే సేవ. నా వెనక బెంచీలో పిల్ల తొందరలో వార్డెనమ్మ పేరే తన పేరుగా రాసేసి తన్నులు తింది. నాకా బల్ల మీద సుద్దముక్క చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది.

అందుకే నేను ఆగలేదు. వివరంలో ఇలా రాశాను: ఇది టీచరు చెప్పి రాయించిన ఉత్తరం, నాలుగు ప్రతుల్లో ఒకటి, ఇందులో ఆ పిల్ల సొంత మాట ఏదీ లేదు.

పెద్దావిడ చదివి కళ్లజోడు తీసింది. "ఏదీ లేదా? మీకు ఖాయంగా తెలుసా?"

"తెలుసు."

"ఎలా తెలుసు?"

చెప్పలేదు. దాతల దేశంలో కూర్చుని, మిషన్ వారి ఇంట్లోనే, నేను హాస్టల్ పిల్లనని చెప్పుకోవడానికి మనసొప్పలేదు. చెబితే జాలిపడుతుందేమో, ఇంకా ఎక్కువ లెక్కపెడుతుందేమో అనుకున్నాను. "నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి" అన్నాను. చూసింది. తలూపింది. పంపేసింది.

వారం తరవాత జవాబు. రెండే వాక్యాలు. అమ్మమ్మకు మీరు చెప్పింది చదివి వినిపించాను. ఆమె గోడ మీద కాగితం తీయించి కవర్లో పెట్టేసింది.

నిజం చెప్పాను కదా అని నన్ను నేను ఓదార్చుకున్నాను. కాని అన్నం సహించలేదు. నిజం చెప్పినప్పుడు కలిగే ధైర్యం ఎందుకు కలగలేదో దేవుణ్ని అడిగాను. 

అదే రోజుల్లో పెద్దావిడ నా పనిలో ఒక లోపం పట్టుకుంది. ప్రతి కాగితానికీ రెండు వైపులా ఫొటో తీయాలి, ఖాళీగా ఉన్నా సరే. అది అక్కడి నియమం. ఈ నాలుగు ఉత్తరాలకూ నేను ముందు వైపు మాత్రమే తీశాను. అప్పటి ఉత్తరాలకు కవర్లు లేవు; కాగితాన్నే మడిచి, బయటివైపు చిరునామా రాసి, లక్కతో అతికేవారు. వెనకవైపు చిరునామా తప్ప ఏముంటుందిలే అని వదిలేశాను. బల్ల మీది ఉత్తరమని తేల్చుకున్నాక తిప్పి చూడాలనిపించలేదు.

"నన్ను ఇంకా నమ్మట్లేదండీ ఆవిడ. ప్రతి కాగితం చెక్ చేస్తోంది," అన్నాను ఇంట్లో.

"తియ్యలేదా వెనకవైపు?"

"తియ్యలేదు."

"మరింకేంది? నేను కోడు సగం రాసి పంపితే మా బాసు ముద్దు పెట్టుకుంటాడా?"

ఫైలు మూడు రోజుల అరలో ఉంది. అది బయటికి వచ్చేదాకా ఆగి, గురువారం మళ్లీ తీశాను. మొదటి ఉత్తరం తిప్పాను. చిరునామా కింద, మడతలోకి వెళ్లిపోయే చోట, చిన్న అక్షరాల్లో ఒక బైబిలు వచనం నంబరు. వచనం లేదు, పుస్తకం పేరు, అధ్యాయం, నంబరు మాత్రమే. మంచి కాపరి గురించిన కీర్తన అది. రెండోదాని వెనక, చిన్నపిల్లలను నా దగ్గరికి రానివ్వండి అని యేసు చెప్పిన చోటు. మూడోది వెలుగును గురించి. ఈ మూడూ నాకు బైబిలు తీయకుండానే తెలుసు. మా ఆదివార బడిలో నంబరు చెబితే వచనం చెప్పాలి, వచనం చెబితే నంబరు చెప్పాలి. తెలుగు సంఘాల్లో పెరిగిన పిల్లలకు అది ఆట.

నాలుగోది ఆ పిల్లది. ఆదికాండము ముప్పై, ఇరవై అయిదు.

ఇది ఎవరూ కంఠస్థం చేసే వచనం కాదు. గోడ క్యాలెండర్ల మీద వేసేదీ కాదు. ఏమిటో గుర్తు రాలేదు. నా బైబిలు సంచిలో ఉంది, సంచి లాకర్‌లో ఉంది. లేచి పెద్దావిడ గది తలుపు కొట్టాను.

"ఒక బైబిలు ఇస్తారా?"

"ఇది మిషన్ ఇల్లమ్మా. ఏ శతాబ్దానిది కావాలి?" అని నవ్వి, తన బల్ల మీదిదే తీసింది. నేను గుమ్మంలో, ఆవిడ కిటికీ దగ్గర. నంబరు చెప్పాను. వేలితో వెతికి, జర్మన్‌లో పైకి చదవడం మొదలుపెట్టింది. యాకోబు తన మామ దగ్గర ఏళ్ల తరబడి చాకిరీ చేసి, ఇక నన్ను పంపించెయ్యి, నా చోటికి, నా దేశానికి పోతాను అని అడిగే మాట అది. సగంలో ఆవిడ పైకి చదవడం ఆపేసింది. మిగిలిన సగం మనసులోనే చదువుకుని, పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

నేను కుర్చీ కోసం చూశాను. లేదు. గుమ్మంలోనే కింద కూర్చున్నాను.

మా హాస్టల్లో కూడా ఉత్తరం చివర వచనం నంబరు రాయాలి. అది ఒక్కటే వార్డెనమ్మ బల్ల మీద రాసేది కాదు. "మీకిష్టమైన వాక్యం రాసుకోండే" అనేది. నంబరు ఉందో లేదో చూసేది గాని, తీసి చదివేది కాదు. అది మా అందరికీ తెలుసు. ఒకసారి వారమంతా పురుగుల అన్నం పెట్టారు. నేను తప్పిపోయిన కుమారుడు పందుల మేత చూసి ఆశపడిన వచనం నంబరు రాసి పంపాను. నా పక్క పిల్ల సొంత అన్నలే గొయ్యిలో పడేసిన యోసేపు వచనం రాసింది. జర్మనీ నుంచి మా దాతమ్మ జవాబులో మంచు మనిషి బొమ్మ ఉన్న కార్డు పంపింది. వాక్యం చాలా బాగుందని రాసింది.

ఇదంతా తెలిసినదాన్ని నేను. బల్ల సంగతి తెలుసు, బల్లను తప్పించుకునే దారీ తెలుసు. బల్ల మాత్రమే గుర్తుపెట్టుకుని, రెండోది మరిచిపోయాను. కాగితం తిప్పకుండా ఆ పిల్లకు సొంత మాటే లేదని ముద్ర వేశాను.

ఆ రోజు పెద్దావిడకు అన్నీ చెప్పాను, గుమ్మంలో కింద కూర్చునే. ఆవిడ జాలిపడలేదు. బైబిలు మూసి, "మా ఇంట్లో మీ దేశపు పిల్ల రాసిన ఉత్తరాలు ఉన్నాయి. చాలా ఏళ్లుగా వస్తున్నాయి," అంది.

"కింద వచనం ఉంటుందా?"

"ఉంటుంది."

"ఎప్పుడైనా తీసి చూశారా?"

 మాస్కు ఊపిరికి మసకబారిన కళ్లజోడు తుడుచుకుంటూ ఉండిపోయింది.

తరవాత ఇద్దరం పాత కట్ట మళ్లీ తిరగేశాం. ఆ నాలుగు ఉత్తరాలతో పాటు టీచరు రాసిన కాగితం ఒకటుంది. నేను ముందే చదివిందే. ప్రతి పిల్లా బయటివైపు తనకు నచ్చిన వచనం తానే ఎంచి రాసిందని అందులో ఉంది. చదివి కూడా దాటేసిన వాక్యం అది. టీచరు మీద అనుమానంతో, టీచరు చెప్పిన ఒక్క నిజమైన మాట కూడా నమ్మలేదు నేను.

వెంటనే ఓక్లహోమాకు రాశాం. వెనకవైపు ఫొటో, వచనం, టీచరు కాగితం, నా తప్పు. రెండు రోజులకు జవాబు వచ్చింది. ఈసారి పొడుగ్గానే ఉంది.

అమ్మమ్మకు జ్వరం వచ్చిందట. కరోనాయే. వాళ్ల సంఘంలో పాత పాటలు తెలిసిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారట. ఆ తరవాత ఇలా రాసింది: మొదట మీరు అవి ఆమె మాటలు కావన్నారు. ఇప్పుడు ఆమెవే అంటున్నారు. మా గురించి మాట మార్చినవాళ్లను మేము తరతరాలుగా చూస్తున్నాం. నేను ఇప్పుడు మా అమ్మమ్మ దగ్గరికి వెళ్లి ఏది చెప్పాలి? మూడోసారి మళ్లీ మారిస్తే ఆమె ఉండకపోవచ్చు. ఈ సంగతి తెలుసనడానికి అసలు మీరెవరు?

తిట్టుంటే బాగుండేది. ఆమె ప్రశ్న న్యాయమైనది. నన్ను నేను అడగాల్సింది ఆమె అడిగింది.

ఆ సాయంత్రం మా ఆయనకు చదివి వినిపించాను.

"క్షమించమని నాలుగు ముక్కలు రాసి ఊరుకో," అన్నాడు.

"ఎవరని అడిగితే హాస్టల్ సంగతి రాయాలి గదండీ."

"ఆఫీసు మెయిల్లోనా? రేపు ఎవరు చదువుతారో, ఎక్కడ పెడతారో. పందుల మేత అని రాస్తావా? మిషనోళ్ల ఇంట్లో కూర్చుని?"

పాప బొమ్మలు పక్కన పెట్టి, "మామా, వాస్ ఇస్ట్ లోస్?" అంది, అమ్మా ఏమైందని, కిటాలో నేర్చిన భాషలో. ఏమీ లేదు, అమ్మ ఉత్తరం రాస్తోంది అన్నాను.

ఆయన భయం అబద్ధం కాదు, నా భయమే అది. డార్మ్‌స్టాట్ అక్కకు ఫోన్ చేశాను. మొదటి నుంచీ చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారే అడ్డు వచ్చింది.

"ఆవుల సాక్ష్యం మస్తు చెప్పినవు గద చెల్లె. ఇది ఎందుకు చెప్పవ్?"

"అది వేరేవాళ్ల తప్పక్కా."

"మరి గదే కదా."

ప్రార్థన చేసి కూర్చున్నాను. ఆర్కైవ్ ఉద్యోగిలా కాకుండా, సంఘంలో లేచి నిలబడినప్పుడు చెప్పేట్టు రాశాను. నేను ఎవరిని, ఏ హాస్టల్, ఏ బల్ల, ఏ వచనం, ఎందుకు రాశాను, ఎవరూ తీసి చదవలేదని నాకు ఎలా తెలుసు. నా అనుమానం నిజమే, కాని సగమే నిజమని రాశాను. ముందువైపు మాటలు టీచరువి. వెనకవైపు నంబరు ఆ పిల్లది. ఇది నేను కోర్టులో రుజువు చేయలేను. అట్లాంటి పిల్లనొకదాన్ని గనక చెబుతున్నాను, అంతే. ఆర్కైవ్ పెద్దావిడకు చూపించాను. ఒక్క అక్షరం కొట్టేయకుండా, కింద తన సంతకం కూడా పెట్టి పంపింది.

వారం ఏమీ రాలేదు. ఆ వారం ఈమెయిల్ శబ్దం వస్తే చాలు చేతిలో గరిట పడేసి పరిగెత్తేదాన్ని. ముసలమ్మ పోయిందేమో, వీళ్లతో ఇక మాటలెందుకని వదిలేశారేమో అని రోజుకో రకంగా అనుకునేదాన్ని.

ఎనిమిదో రోజు వచ్చింది. అమ్మమ్మ జ్వరం తగ్గిందట, కాని లేచి కూర్చోలేకపోతోందట. మనవరాలు గుమ్మం బయట నిలబడి నా ఉత్తరమంతా చదివి వినిపించింది. పురుగుల అన్నం దగ్గర ముసలమ్మ నవ్విందట. తరవాత వాళ్ల భాషలో ఉన్న పాత బైబిలు తెప్పించి, ఆ వచనం తనకు పైకి చదవమంది. వాళ్ల భాషలో విన్నాక ఇంకోసారి చదివించుకుంది. చివరికి కవర్లోని కాగితం తీసి మళ్లీ గోడకు పెట్టమంది. ఈసారి వెనకవైపు ఫొటో పైన, ముందువైపు ఫొటో కింద. ఆ తరవాత ఒక్క ప్రశ్న అడిగిందట, అది మాకు పంపమని చెప్పిందట.

ఆ పిల్ల ఇంటికి చేరిందా?

బడి హాజరు పుస్తకం ప్రతి ఒకటి మా దగ్గర ఉంది. వెతికాం. ఒక్కో పిల్ల పేరు ఎదుట, బడి వదిలిన కారణం ఉంది. తండ్రి వచ్చి తీసుకువెళ్లాడు. జ్వరంతో చనిపోయింది. పెళ్లయింది. ఈ పిల్ల పేరు ఎదుట మాత్రం ఒకే ఒక్క మాట. వెళ్లిపోయింది. ఎవరితో వెళ్లిందో, ఎటు వెళ్లిందో లేదు. తేదీ చోట సిరా చెదిరి ఉంది.

ఆ ఒక్క మాటను పట్టుకుని నేను ఎన్ని అనుమానాలైనా పడగలను. పారిపోయిందేమో. చనిపోతే దాచారేమో. లేక నిజంగానే ఎవరో మేనమామ గుర్రం మీద వచ్చి, అడగాల్సింది అడిగి, ఇంటికి తీసుకుపోయాడేమో. ఈసారి ఏదీ తేల్చలేదు. ఆ పేజీ రెండు వైపులా ఫొటో తీసి, ఉన్నది ఉన్నట్టు పంపాను. మాకు తెలియదు, వెతుకుతూనే ఉంటాం అని రాశాను. వేరే ఆర్కైవులకు ఉత్తరాలు పెట్టాం. చాలావరకు ఇంకా మూసే ఉన్నాయి. ముసలమ్మ ఎదురుచూస్తోంది. ఆమెకు ఉన్న రోజులు ఎన్నో దేవునికే తెలుసు.

ఇది చదువుతున్న మీరు ఎక్కడున్నా, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. తండ్రీ, మడతలో రాసిన ఆ చిన్న అక్షరాలు నువ్వు అప్పుడే చదివావు. ఆ పిల్ల అడిగినచోటికి చేరిందో లేదో నీకు తెలుసు. చేరితే, ఆ సంగతి మోసే కాగితం ఎక్కడుందో మాకు చూపించు. చేరకపోతే, ఆ మాట వినగల బలం ఆ ముసలి తల్లికి ఇవ్వు. మేము కనిపెట్టేవరకు ఆమెను నిలుపు. తీర్పు తీర్చేముందు కాగితం తిప్పి చూసే ఓపిక మాకందరికీ దయచెయ్యి. ఆమెన్.